తండ్రి ఇచ్చిన ఇల్లు ఉన్నవాళ్లు, లేనివాళ్లు: వారసత్వ పన్ను వేస్తే ఈ తేడా తగ్గుతుందా?

మర్రిపాలెం మాస్టారు
అందరికీ నమస్కారం. నేను విశాఖలో ఒక జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. మా స్టాఫ్ రూమ్‌లో ఒకే ఏడాది చేరిన లెక్చరర్లు ఇద్దరున్నారు. జీతం ఒకటే. ఒకాయనకి ఎంవీపీ కాలనీలో తండ్రి ఇచ్చిన ఇల్లుంది. పై పోర్షన్ల అద్దె దాచి మధురవాడలో ఇంకో ఫ్లాట్ కొన్నారు. రెండో ఆయన గోపాలపట్నంలో అద్దెకుంటారు. పిల్ల ఇంజినీరింగ్ ఫీజుకి పర్సనల్ లోన్ తీశారు. ఇద్దరూ కష్టపడే మనుషులే, పాఠం కూడా ఇద్దరూ బాగా చెబుతారు. ఇరవై ఏళ్ల తర్వాత వీళ్ల పిల్లల మధ్య తేడా ఎంత ఉంటుందో ఊహించండి.

మన దేశంలో తల్లిదండ్రుల ఆస్తి పిల్లలకు వస్తే పన్ను లేదు. వేస్తే ఈ తేడా తగ్గుతుందా? లేక మధ్యతరగతికి ఇంకో టెన్షన్ తయారవుతుందా? తెలిసినవాళ్లు రాయండి. పార్టీల గొడవ మాత్రం ఈ చర్చలోకి తేవద్దు.

ద్వారకానగర్ ఆడిటర్
మాస్టారూ, ముందు పాత కథ చెప్పాలి. ఈ పన్ను మన దగ్గర లేనిదేం కాదు. 1953లో ఎస్టేట్ డ్యూటీ చట్టం వచ్చింది. మనిషి పోయాక మిగిల్చిన ఆస్తి మీద పన్ను. పెద్ద ఆస్తుల మీద గరిష్ఠ రేటు 85 శాతం దాకా వెళ్లింది. 1957లో సంపద పన్ను, 1958లో బహుమతి పన్ను తోడయ్యాయి. కాగితం మీద చూస్తే సంపన్నుడికి ఎటూ దారి లేదు.

తీరా వసూలైందెంత? 1985 మార్చి బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి వి.పి. సింగ్ ఎస్టేట్ డ్యూటీని ఎత్తేస్తూ చెప్పిన లెక్క: ఏడాదికి సుమారు 20 కోట్లు, దాంతో పోలిస్తే వసూలు చేసే ఖర్చు ఎక్కువ. బహుమతి పన్ను 1998లో పోయింది. సంపద పన్నును 2015 బడ్జెట్‌లో అరుణ్ జైట్లీ తీసేశారు. దాని వసూలు 2013-14లో వెయ్యి కోట్ల చిల్లర.

రేటు ఎక్కువైతే ఆదాయం ఎక్కువ వస్తుందని అనుకోవద్దు. 85 శాతం అనేసరికి ప్రతి పెద్ద కుటుంబమూ బతికుండగానే ఆస్తులు చీల్చింది, ట్రస్టులు పెట్టింది. ఆకస్మికంగా పోయి, ఏ ఏర్పాటూ చేసుకోని వాళ్ల కుటుంబాలే ఎక్కువగా దొరికాయి.

ఆనందపురం రైతుబిడ్డ
నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. కారణం చెబుతాను.

మా నాన్నగారు కొబ్బరి, కూరగాయలు పండించి పెంచారు మమ్మల్ని. అప్పుడు ఆ భూమిని ఎవరూ అడిగేవాళ్లు కారు. హైవే వెడల్పయ్యాక, భోగాపురం విమానాశ్రయం మాట మొదలయ్యాక రేట్లు ఎక్కడికో వెళ్లిపోయాయి. కాగితం మీద మేం కోటీశ్వరులం. చేతిలో మాత్రం పంట డబ్బే. రేపు నాన్నగారి తర్వాత భూమి విలువలో మూడో వంతు కట్టమంటే ఎక్కడి నుంచి తేవాలి? సగం భూమి బిల్డర్‌కి అమ్మేయాలి. అంటే పన్ను పేరుతో భూమి రైతు నుంచి బిల్డర్‌కి పోతుంది. దాన్ని సమానత్వం అంటారా?

అసలు ఎవరైనా పన్ను కట్టి మిగుల్చుకున్నదాని మీద మళ్లీ పన్నేమిటి?

ద్వారకానగర్ ఆడిటర్
రైతుబిడ్డ గారూ, చేతిలో డబ్బు లేదన్న మొదటి మాట నిజం, దానికి జవాబు కావాలి. రెండోది మాత్రం లెక్కకు నిలవదు. జీతం దాచిన డబ్బు మీద పన్ను కట్టారు, ఒప్పుకుంటాను. కానీ పెద్ద ఆస్తుల్లో ఎక్కువ భాగం దాచిన డబ్బు కాదు, పెరిగిన విలువ. ఆ పెరుగుదల మీద ఎవరూ ఇంతవరకు రూపాయి కట్టలేదు.

ఉదాహరణకు సీతమ్మధారలో 2001కి ముందు కొన్న ఒక స్థలం, 2001 ఏప్రిల్ నాటికి విలువ 5 లక్షలు, ఇవాళ 2 కోట్లు అనుకుందాం. తండ్రి పోయాక కొడుకు పేరు మీదకు మారింది. ఆ రోజు ఆదాయపు పన్ను సున్నా. కొడుకు అమ్మితే తండ్రి కొన్న ధరనో 2001 విలువనో తీసుకుని, లాభం 1.95 కోట్ల మీద 12.5 శాతం, అంటే సుమారు 24 లక్షలు కడతాడు. సర్‌చార్జి, సెస్ వేరు. అమ్మకుండా అద్దెకిచ్చుకుంటే అద్దె మీద తప్ప ఏమీ లేదు. మనవడి దాకా అలాగే వెళ్లొచ్చు.

ఒక మంచి విషయం కూడా చెప్పాలి. అమెరికాలో వారసుడికి వచ్చిన రోజు విలువనే కొన్న ధరగా లెక్కిస్తారు. అప్పటిదాకా పెరిగిన లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను (ఆస్తి అమ్మిన లాభం మీద వేసేది) ఇక ఎప్పటికీ ఉండదు. మనకు ఆ వెసులుబాటు లేదు, పాత ధరే వెంట వస్తుంది.

ఉత్తరాంధ్ర గళం
రైతుబిడ్డ గారి బాధ అర్థమైంది. నాది ఇంకో వైపు.

మా తాతగారి భూమి భూసేకరణలో పోయింది. ఏ ప్రాజెక్టుకన్నది ఇక్కడ అనవసరం. పరిహారం ఇచ్చారు, అది ఆ నాటి ధరకి. ఇంట్లో పెళ్లిళ్లకి, అప్పులకి అయిపోయింది. గట్టు అవతల భూమి సేకరణలో లేదు. వాళ్ల మనవలు ఇవాళ అపార్టుమెంట్లు కట్టి అమ్ముతున్నారు. వాళ్లు మాకన్నా ఎక్కువ కష్టపడలేదు, మేం తక్కువా పడలేదు. సర్వేయర్ గీత ఎటు పడిందన్నదే తేడా. ఆ గీత ఇప్పుడు మూడో తరం మీదకు వచ్చింది.

ఈ నగరంలో భూమి విలువ పెరిగింది పోర్టు వల్ల, షిప్‌యార్డు వల్ల, రిఫైనరీ వల్ల, ఉక్కు ఫ్యాక్టరీ వల్ల, యూనివర్సిటీ వల్ల. అవన్నీ ప్రజల డబ్బుతోనో, ఊళ్లు ఖాళీ చేసినవాళ్ల త్యాగంతోనో వచ్చినవి. ఆ పెరుగుదలలో కొంత భాగం వెనక్కి అడగడం అన్యాయం అంటే నేను ఒప్పుకోను.

లండన్‌లో వైజాగ్ అమ్మాయి
ఇక్కడ బ్రిటన్‌లో 3,25,000 పౌండ్లు దాటిన దాని మీద 40 శాతం. ఇల్లు పిల్లలకే ఇస్తే ఇంకో 1,75,000 పౌండ్ల మినహాయింపు కలుస్తుంది. అసలు పరిమితి 2009 నుంచి పెంచలేదు. ఇళ్ల ధరలు మాత్రం ఆగలేదు. దాంతో లండన్‌లో ఒక సాదా ఇల్లున్న టీచర్ కుటుంబం కూడా పన్ను పరిధిలోకి వస్తోంది. బాగా డబ్బున్నవాళ్లకేమో ఏడేళ్ల నిబంధన కలిసొస్తుంది. ఇచ్చిన బహుమతి తర్వాత ఏడేళ్లు బతికితే దాని మీద వారసత్వ పన్ను ఉండదు. నాలుగు ఇళ్లున్నవాడు మూడు ముందే ఇచ్చేయగలడు. ఒక్క ఇల్లున్నవాడు ఉంటున్న ఇంటిని ఎలా ఇచ్చేస్తాడు? పన్నంటే నాకు వ్యతిరేకత లేదు. కానీ ఇలా రాస్తే మధ్యవాడే దొరుకుతాడు.

పెదవాల్తేరు వాసి
2024 ఎన్నికల్లో వారసత్వ పన్ను గురించి కాంగ్రెస్ నేత శామ్ పిట్రోడా మాటలతో రేగిన గొడవలో అమెరికాలో 55 శాతం అన్న అంకె బాగా తిరిగింది. నిజమేనా?

ద్వారకానగర్ ఆడిటర్
అక్కడ ఫెడరల్ గరిష్ఠ రేటు 40 శాతం. కొన్ని రాష్ట్రాలు విడిగా వేస్తాయి. కానీ మినహాయింపు చూడండి: 2025లో మనిషికి కోటి 39 లక్షల 90 వేల డాలర్లు, 2026 నుంచి కోటిన్నర డాలర్లు. వెయ్యిమంది చనిపోతే ఇద్దరి ఆస్తి మీద కూడా ఈ పన్ను పడదు. జపాన్‌లో గరిష్ఠం 55 శాతం, అక్కడ మినహాయింపు తక్కువ కాబట్టి మామూలు కుటుంబాలకూ తగులుతుంది.

వాల్తేరు స్కాలర్
మాస్టారు అడిగిన అసలు ప్రశ్న అసమానత గురించి. దాని మీద స్వీడన్‌లో జరిగిన పరిశోధన చాలా విలువైంది. అక్కడ సంపద పన్ను ఉన్నంతకాలం, అంటే 2007 దాకా, ప్రతి మనిషి ఆస్తి లెక్క ప్రభుత్వ రిజిస్టర్లలో ఉండేది.

ఎలిండర్, ఎరిక్సన్, వాల్డెన్‌స్ట్రోమ్ అనే ముగ్గురు ఆ రిజిస్టర్లు చూసి 2018లో ఒక పేపర్ వేశారు. ఫలితం మనం అనుకున్నదానికి ఎదురుగా వచ్చింది. వారసత్వం వచ్చిన వెంటనే వారసుల మధ్య సాపేక్ష అసమానత తగ్గింది!

ఎలాగంటే, ఒకరి దగ్గర లక్ష ఉంది, ఇంకొకరి దగ్గర 10 కోట్లు. తేడా వెయ్యి రెట్లు. మొదటివాడికి తండ్రి నుంచి 10 లక్షలు వచ్చాయి, రెండోవాడికి 5 కోట్లు. ఇప్పుడు 11 లక్షలు, 15 కోట్లు. తేడా సుమారు 136 రెట్లకు దిగింది. కానీ రూపాయల్లో చూస్తే 9.99 కోట్ల తేడా 14.89 కోట్లయింది. రెండూ నిజమే. అదే పేపర్లో ఇంకో మాట కూడా ఉంది: వారసత్వ పన్ను తనంతట తాను ఈ సాపేక్ష అసమానతను కొంచెం పెంచేలా ఉంది, వచ్చిన డబ్బును తిరిగి పేదలకు పంచితేనే ఫలితం తిరగబడుతుంది.

తర్వాత నెకోయీ, సైమ్ అనే ఇద్దరు అదే దేశంలో ఆ డబ్బు తర్వాత ఏమైందో చూశారు. తక్కువ ఆస్తి ఉన్న వారసులు పదేళ్లలోపే దాన్ని చాలావరకు ఖర్చు పెట్టేశారు. సంపన్న వారసుల దగ్గర అది నిలబడింది. దాంతో మొదట కనిపించిన సమానత్వం దశాబ్దంలో మాయమై, అసమానత పెరిగే వైపు తిరిగింది.

కాబట్టి నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. చిన్న వారసత్వాల మీద పన్ను వేస్తే అసమానత పెరుగుతుంది. అమ్మ మిగిల్చిన పది లక్షలతో అప్పు తీర్చుకునే కుటుంబాన్ని తాకకూడదు. తరతరాలు నిలబడే పెద్ద ఆస్తుల మీదే వేయాలి.

మర్రిపాలెం మాస్టారు
చాలా బాగా చెప్పారు, రేపు క్లాసులో ఇదే లెక్క వేస్తాను. మరి ‘పెద్ద’ అంటే ఎంత?

వాల్తేరు స్కాలర్
మన దేశానికి ఒక ప్రతిపాదన ఉంది. అసమానతల మీద పరిశోధన చేసే వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ వాళ్లు, అంటే భారతి, ఛాన్సెల్, పికెటీ, సోమంచి, 2024 మార్చిలో ఒక పేపర్ ఇచ్చారు. 2022-23లో పైనున్న 1 శాతం మంది చేతిలో దేశ సంపదలో 40.1 శాతం, ఆదాయంలో 22.6 శాతం ఉందని వాళ్ల అంచనా. అదే ఏడాది మే నెలలో ఇంకో పత్రంలో 10 కోట్లు దాటిన నికర సంపద (అప్పులు పోగా మిగిలేది) మీద ఏటా 2 శాతం, 10 కోట్లు దాటిన వారసత్వం మీద 33 శాతం వేయాలన్నారు. ఆ పరిధిలోకి వచ్చేది వయోజనుల్లో 0.04 శాతం మంది. అంటే పది వేలమందిలో నలుగురు.

మాస్టారి స్టాఫ్ రూమ్‌లో ఎంవీపీ ఇల్లున్న ఆయన ఇందులోకి రారు. కాబట్టి ఆ ఇద్దరి మధ్య తేడాని ఈ పన్ను నేరుగా తగ్గించదు, ఆ సంగతి దాచకూడదు. వచ్చిన డబ్బుతో రెండో ఆయన కూతురి ఫీజు తగ్గితే అప్పుడు తగ్గుతుంది.

ఆనందపురం రైతుబిడ్డ
పది కోట్లు ఇవాళ పెద్ద మొత్తం. మన వైపు భూమి పెరిగిన తీరు చూస్తే పదిహేనేళ్లకి అది మామూలు రైతు ఆస్తి కావచ్చు. లండన్ అమ్మాయి చెప్పిందే ఇక్కడా జరుగుతుంది. పరిమితిని ఏటా ధరలతో పాటు పెంచుతామని చట్టంలోనే రాస్తారా? మంత్రి ఇష్టానికి వదిలేస్తే నేను నమ్మను.

స్వాతి, సీతమ్మధార
ఇంట్లో జరిగే అసమానత గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

ఎన్టీఆర్ గారి ప్రభుత్వం కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది, 1985 సెప్టెంబరు నుంచి వర్తించేలా. అయితే అప్పటికే పెళ్లైన ఆడపిల్లలకు అది వర్తించలేదు. దేశం మొత్తానికి 2005లో సవరణ వచ్చింది. 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని తేల్చింది. చట్టం అంతా బాగుంది. ఆచరణలో? తండ్రి స్వార్జితమైతే కొడుకు పేర సెటిల్‌మెంట్ దస్తావేజు (బతికుండగానే ఆస్తి రాసిచ్చే పత్రం), ఉమ్మడి ఆస్తి అయితే ఆడపిల్ల చేత హక్కు విడుదల పత్రం. ‘నీకు పెళ్లికి పెట్టాం కదమ్మా’ అంటారు, సంతకం పెట్టిస్తారు. నా స్నేహితురాళ్లలో అడగకుండా వాటా దక్కినవాళ్లు నాకు కనిపించలేదు.

అందుకే పన్ను ఎవరి మీద అన్నది ముఖ్యం. పోయినవాళ్ల మొత్తం ఆస్తి మీద వేస్తే, అంతా ఒక్క కొడుక్కి ఇచ్చినా నలుగురికి పంచినా పన్ను ఒకటే. ఐర్లాండ్‌లో పుచ్చుకున్నవాళ్ల మీద వేస్తారు. తల్లిదండ్రుల నుంచి జీవితకాలంలో అందినదంతా కలిపి 4 లక్షల యూరోలు దాటితే, పైదాని మీద 33 శాతం. బతికుండగా ఇచ్చిన బహుమతి కూడా ఆ లెక్కలోకే వస్తుంది. ఈ పద్ధతిలో కూతురికీ వాటా ఇస్తే కుటుంబం మొత్తం మీద పన్ను తగ్గుతుంది. ఆడపిల్లకి వాటా ఇవ్వడానికి తండ్రికి ఒక డబ్బు కారణం కూడా దొరుకుతుంది. మంచి మాటలతో ఇన్నేళ్లు చూశాం కదా.

లండన్‌లో వైజాగ్ అమ్మాయి
స్వాతి గారూ, ఏడేళ్ల నిబంధనతో వచ్చే తప్పించుకునే దారి కూడా దీంతో మూసుకుపోతుంది. జీవితకాలం లెక్క కాబట్టి ఎప్పుడిచ్చినా ఒకటే.

ద్వారకానగర్ ఆడిటర్
స్వాతి గారి పోస్ట్ ఈ చర్చలో నాకు అన్నిటికన్నా నచ్చింది. మన దగ్గర ఇప్పుడున్న నిబంధన చూడండి: స్నేహితుడు 50 వేలకు మించి ఇస్తే ఆదాయంగా పన్ను పడుతుంది. తండ్రి 50 కోట్లిచ్చినా, వీలునామాలో ఎంత వచ్చినా పన్ను లేదు.

అయితే ఒక చిక్కుంది. రాజ్యాంగం ఏడో షెడ్యూల్ ప్రకారం వ్యవసాయ భూమి కాని ఆస్తి మీద ఎస్టేట్ డ్యూటీ కేంద్రం చేతిలో ఉంది, వ్యవసాయ భూమి మీద రాష్ట్రం చేతిలో ఉంది. కేంద్రం ఒక్కటే వేస్తే ఏం జరుగుతుంది? డబ్బున్నవాళ్లు షేర్లు, ఫ్లాట్లు అమ్మి సాగుభూమి కొంటారు. వ్యవసాయ ఆదాయానికి ఇప్పటికే పన్ను లేదు. అప్పుడు పద్మనాభంలోనో సబ్బవరంలోనో ఎకరం ధర ఇంకా పెరిగి, నిజంగా సాగు చేసేవాడికి అందదు. మన రాష్ట్రం ఒక్కటే వేస్తే ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో కొంటారు. ఆస్ట్రేలియాలో ఇదే జరిగింది. క్వీన్స్‌లాండ్ 1977లో మరణ పన్ను ఎత్తేయగానే మిగతా రాష్ట్రాల సంపన్నులు అటు చూశారు. పోటీలో రాష్ట్రాలన్నీ వదిలేశాయి, ఫెడరల్ పన్ను 1979లో పోయింది.

ఉత్తరాంధ్ర గళం
అయితే రాష్ట్రాలన్నీ కలిసి ఒప్పుకోవాలి. జీఎస్టీకి కూర్చున్నారు కదా, దీనికి ఎందుకు కూర్చోరు? సంపద కొద్దిమంది దగ్గర పోగుపడకుండా చూడాలని రాజ్యాంగం 39వ అధికరణంలో రాసుకున్నాం.

పెదవాల్తేరు వాసి
మీరు చెప్పిన ఆ స్వీడనే 2004లో వారసత్వ పన్ను తీసేసింది కదండీ. ఐకియా స్థాపకుడు కంప్రాడ్ దేశమే వదిలి వెళ్లాడు. నార్వే 2014లో తీసేసింది. వాళ్ల వల్ల కానిది మన వల్ల అవుతుందా?

వాల్తేరు స్కాలర్
తీసేసిన దేశాలున్నాయి, నిజం. ఎక్కువగా సంపన్న దేశాలుండే ఓఈసీడీ కూటమి 2021 నివేదిక నాటికి 37 సభ్య దేశాల్లో 24 దేశాలు ఏదో ఒక రూపంలో వేస్తున్నాయి. కానీ మొత్తం పన్నుల్లో దీని వాటా సగటున 0.5 శాతమే. మినహాయింపులు ఎక్కువ కావడమే ఒక పెద్ద కారణం. దీంతో ఖజానా నిండుతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

రైతుబిడ్డ గారి డబ్బు సమస్యకి దక్షిణ కొరియా జవాబు ఒకటుంది. శాంసంగ్ అధిపతి లీ కున్ హీ 2020లో పోయాక వారసులకు 12 లక్షల కోట్ల వాన్‌లకు పైగా పన్ను పడింది. ఐదేళ్ల వాయిదాల్లో కట్టే వీలిచ్చారు. అంత పెద్దవాళ్లకే వాయిదాలిస్తే, భూమి తప్ప డబ్బు లేని కుటుంబానికి పది పదిహేనేళ్లు ఇవ్వడం కష్టమేం కాదు. సాగు చేస్తున్నంతకాలం వాయిదా, లేఅవుట్ వేసి అమ్మిన రోజు వసూలు అని కూడా రాయొచ్చు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది వేరు. 1985లో ఎస్టేట్ డ్యూటీతో పాటు, 2015లో సంపద పన్నుతో పాటు వాటి కోసం వేసే రిటర్న్‌లు కూడా పోయాయి. ఎవరికి ఎంత వారసత్వం వస్తోందో ఈ దేశంలో ఏ దస్త్రంలోనూ ఒకచోట లేదు. పరిశోధకులు జాతీయ నమూనా సర్వేలు, పత్రికల్లో వచ్చే కోటీశ్వరుల జాబితాలు కలిపి అంచనా కట్టాల్సి వస్తోంది. పన్ను మాట తర్వాత. పెద్ద వారసత్వం అందినవాళ్లు ఐటీ రిటర్న్‌లో ఒక పేజీ ప్రకటన ఇవ్వాలి, ముందు అది మొదలుపెట్టాలి.

స్వాతి, సీతమ్మధార
ఆ పేజీలో కొడుకులకెంత, కూతుళ్లకెంత అన్న గడులు కూడా ఉండాలి.

మర్రిపాలెం మాస్టారు
రైతుబిడ్డ గారూ, ఇంత చర్చ తర్వాత మీ మాట వినాలని ఉంది.

ఆనందపురం రైతుబిడ్డ
ప్రకటన వరకు నాకు అభ్యంతరం లేదు మాస్టారూ, దాచుకునేది ఏమీ లేదు. పన్నుకైతే ఇప్పటికీ ఒప్పుకోలేను. వాయిదాలు, ధరలతో పాటు పెరిగే పరిమితి, సాగు భూమికి అమ్మిన రోజే వసూలు, ఈ మూడూ చట్టంలో అక్షరాలా ఉంటే మళ్లీ ఆలోచిస్తాను. ఇంకొకటి. ఉత్తరాంధ్ర గళం గారి తాతగారికి జరిగినట్టు భూమి పోగొట్టుకున్న కుటుంబాల పిల్లల చదువుకి అందులో కొంత వాటా రాసి పెట్టాలి. మా గట్టు పక్కన కూడా అలాంటి కుటుంబం ఉంది, వాళ్లబ్బాయి నాతో చదువుకున్నాడు.

ఉత్తరాంధ్ర గళం
చదువుతో పాటు ఇంటి స్థలం కూడా చేర్చండి. మిగతా మూడు షరతులకు నేను ఒప్పుకుంటున్నాను.